పైథాన్ చిన్న సర్వరు: గుణదోష విచారణ

వెబ్ పేజీని కోరెడు బ్రౌజరును గాని, మరియొక ప్రోగ్రామును గాని క్లయంటు అందురు. కోరినదానిని పంపునది సర్వరు. ఈ రెండింటి నడుమ సంభాషణ చెడినప్పుడు తప్పు ఎవరిదో తేల్చవలెనన్న, క్లయంటు నిజముగా ఏమి పంపినదో కంటితో చూడవలయును. ఇందులకు పెద్ద సర్వరు అక్కరలేదు. పైథాన్ భాషతో పాటు వచ్చు ‘హెచ్‌టిటిపి.సర్వర్’ అను మాడ్యూలును కమాండ్ లైనులో ఒక్క ఆజ్ఞతో నడిపింపవచ్చును. పైథాన్ 2 లో దీనికి ‘సింపుల్ హెచ్‌టిటిపి సర్వర్’ అని పేరుండెడిది.

ఇది తానున్న ఫోల్డరులోని ఫైళ్లను 8000 సంఖ్య గల పోర్టు ద్వారా అందించును. ప్రతి అభ్యర్థనకు ఎవరడిగిరి, ఎప్పుడడిగిరి, ఏమడిగిరి, ఏ సంఖ్యతో జవాబు పోయినది అను వివరములను తెరపై వ్రాయును. విద్యార్థి ఒక్క పేజీని అడిగినను తరచుగా రెండవ అభ్యర్థన కూడ కనబడును. పేజీ పేరు ప్రక్కన చూపుటకై బ్రౌజరు తనంతట తానే ఒక చిన్న బొమ్మను అడుగును. అది లేనిచో 404 అని జవాబు పోవును. పుస్తకములో చదువుటకంటె ఇది తేటగా మనస్సున నాటును. ఫైలుకు ‘తెలుగు’ అని పేరు పెట్టి అడిగినచో మరింత వింత. తెరపై ఆ మాట ఉండదు. శాతపు గుర్తులతో నిండిన 54 గుర్తుల బారు ఉండును. త, ఎత్వము, ల, కొమ్ము, గ, కొమ్ము: ఇవి యూనికోడ్‌లో 6 సంకేతములు. యుటిఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్కటి 3 బైట్లు. చిరునామాలో ఒక్కొక్క బైటునకు 3 గుర్తులు.

అయితే ఈ సర్వరు చూపునది అభ్యర్థనలోని మొదటి పంక్తిని మాత్రమే. దాని క్రింద ఏ బ్రౌజరు, ఏ భాష కావలయును, పంపిన విషయము పొడవెంత అను హెడర్లుండును. వానిని ఇది చదువును గాని చూపదు. ‘పోస్ట్’ పద్ధతిలో ఏదేని పంపినచో 501 అని చెప్పి త్రోసిపుచ్చును. దోషములను వెదకువారికి ఇది చిన్న లోపము కాదు.

ఒక విద్యార్థి స్వయముగా వ్రాసిన క్లయంటు ‘తెలుగు’ అను మాటను ఒక సర్వరుకు పంపుచున్నదనుకొనుడు. పొడవును హెడరులో బైట్లలో చెప్పవలయును. పైథాన్‌లో ‘లెన్’తో ఆ మాటను కొలిచిన 6 అని వచ్చును, అతడు అదే వ్రాసెను. అసలు బైట్లు 18. సర్వరు 6 బైట్లు చదివి ఆగును. దానికి దక్కునది ‘తె’ మాత్రమే. ఇంగ్లీషు మాటలతో పరీక్షించినంతకాలము ఈ తప్పు బయటపడదు, ఏలయన అందు అక్షరమునకు ఒక బైటే. తెలుగు రాగానే మాట తెగును. నింద ఫాంటు మీదనో, మన లిపి మీదనో పడును.

ఇట్టిచోట 1990 దశకము నుండి వాడుకలోనున్న ‘నెట్‌క్యాట్’ మేలు. దానికి వెబ్ అన్న ఏమో తెలియదు. వచ్చిన బైట్లను వచ్చినట్లే తెరపై పోయును. పొడవు 6 అను పంక్తి, దాని దిగువ ‘తెలుగు’ అను పూర్తి మాట, రెండును ఒకేచోట కనబడును, దొంగ దొరకును. దాని లోపము మౌనము. తనంతట జవాబీయదు గనుక క్లయంటు విసుగుపుట్టు వరకు వేచియుండును. జవాబును చేతితో టైపు చేయవచ్చును. తరగతిలో ఇది మంచి అభ్యాసమే. గోప్యలిపిలో నడచు ‘హెచ్‌టిటిపిఎస్’ అభ్యర్థనలు మాత్రము అందు అర్థము కాని గుర్తులుగా పడును.

పైథాన్ మాడ్యూలునకు పోస్ట్ అభ్యర్థనలను అందుకొని, హెడర్లను, విషయమును తెరపై వ్రాయు శక్తిని కొద్ది పంక్తులలో చేర్చవచ్చును. ఆ సౌకర్యమును ఆజ్ఞలోనే ఉంచియుండిన ఎంతయో బాగుండెడిది. ప్రయోగశాలలో వాడు ఉపాధ్యాయులు 127.0.0.1 చిరునామాకు బంధించి నడపవలయును. లేనిచో ఆ ఫోల్డరు ప్రక్క కంప్యూటర్లకు కూడ తెరచినట్లగును. చేర్చిన పంక్తులు సైతము విషయమును క్లయంటు చెప్పిన పొడవు మేరకే చదువును గనుక, పైని ఉదాహరణలో అవియు ‘తె’ అనియే చూపును. తెగిన మాటల విషయమున ముందు నెట్‌క్యాట్‌తో చూచి, తరువాతనే దీనిని నమ్ముట మంచిది.