గల్లీ పేరు మనది, తెర మీద మన ఊసు లేదు

‘గంగూబాయి కాఠియావాడీ’ 2022 ఫిబ్రవరిలో వచ్చింది. నేను ముందు హిందీలో చూశాను, ఈమధ్య తెలుగు డబ్బింగులో మళ్ళీ చూశాను. తెలుగులో చూస్తుంటే ఒక చిత్రం తోచింది. కామాఠీపురాలో అందరూ గడగడా తెలుగే మాట్లాడుతున్నారు, ఒక్క కామాఠీలు తప్ప. వాళ్ళు మాట్లాడాలంటే కథలో ఉండాలి గదా!

సినిమా బాగాలేదని నేననను. ఆలియా భట్ నటన గట్టిది. అక్కడి ఆడవాళ్ళను జాలిపడి వదిలెయ్యకుండా, మాకూ హక్కులున్నాయని వాళ్ళ చేతనే అడిగించాడు భన్సాలీ. అది చిన్న సంగతి కాదు. నా పేచీ గల్లీతో. తెరమీద కనబడేది గోరేగావ్ ఫిల్మ్‌సిటీలో వేసిన సెట్టు. అది నకలే, ఆ మాట అందరికీ తెలుసు. కానీ నకలు గీసేటప్పుడు ఏది ఉంచారు, ఏది తీసేశారు అనేది చూడాలి. దీపాలు, కిటికీలు, పోస్టర్లు ఉంచారు. ఆ పేటకు పేరిచ్చినవాళ్ళను తీసేశారు.

కామాఠీలంటే నిజాం ఇలాకా నుంచి పొట్ట చేతబట్టుకొని వచ్చిన మన తెలంగాణ జనం. ఏడు దీవుల మధ్య నీళ్ళను ఆపేందుకు 18వ శతాబ్దం చివర హార్న్‌బీ వెల్లార్డ్ కట్టాక, ఆ పల్లపు నేల మెల్లగా ఎండింది. మనోళ్ళు గుడిసెలేసుకున్నది ఆ నేలమీదనే. మట్టి తవ్వారు, రాళ్ళు మోశారు, కట్టడాల పనికి పోయారు. ఎడ్వర్డ్స్ 1909–10లో తెచ్చిన బొంబాయి గెజిటీర్ కూడా ఈ పేరు కామాఠీల వల్లనే వచ్చిందని రాసింది. ఆడవాళ్ళ బజారు తర్వాత పెరిగింది. 1868 నాటి అంటురోగాల చట్టాన్ని బొంబాయిలో అమలు చేస్తూ, సర్కారు వాళ్ళను రిజిస్టర్లకెక్కించింది. పక్కనే ఉన్న కర్సెట్‌జీ శుక్లాజీ వీధికి యూరోపు ఆడవాళ్ళ మూలాన ‘సఫేద్ గల్లీ’ అని పేరు పడింది. అంటే ఒకే పేటలో రెండు చరిత్రలు ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. సినిమా పైదాన్నే చూసింది.

మన బ్లాగు భాష గురించి గనుక ఇంకొక మాట. మహారాష్ట్రలో మన ఇంటిపేర్లు ఎట్ల మారాయో గమనించారా? ఇంటిపేరు చివర మనం గౌరవంగా కలిపే ‘వారు’, మరాఠీ నోట్లో ‘వార్’ అయింది. పంతొమ్మిదో శతాబ్దపు బొంబాయిలో పెద్ద కాంట్రాక్టరు కాలేవార్ ఉన్నాడు, తెలుగాయన. జ్యోతిరావు ఫూలే సత్యశోధక సమాజానికి (1873) బొంబాయిలో అండగా నిలిచినవాళ్ళలో ఇట్లాంటి తెలుగు కాంట్రాక్టర్లు ఉన్నారు. కూలీలుగా వచ్చిన జనంలోంచి రెండు మూడు తరాల్లో ఫూలే పక్కన నిలబడ్డవాళ్ళు లేచారన్నమాట. దీనిమీద సినిమా తీయమని నేననను గానీ, ఒక దుకాణం బోర్డు మీద ‘వార్’ అని రాస్తే సెట్టుకు ఎంత ఖర్చవుతుంది?

కథలో బడి గొడవ ఒకటుంది, పక్కన బడి ఉందని ఆడవాళ్ళను ఖాళీ చేయించబోతారు. ముంబై కార్పొరేషన్ తెలుగు మీడియం బడులు కూడా నడిపిన నగరమిది. ఆ ముక్క ఎక్కడా చెవినపడదు.

దీనికి ఎదురుగా నామ్‌దేవ్ ఢసాళ్ ‘గోల్‌పీఠా’ (1972) పెట్టి చూడండి. అదీ ఆ చుట్టుపక్కలదే. అందులోనూ తెలుగు వెతికితే దొరకదు, నిజమే. కానీ ఆయన గల్లీలో దొర్లే మాటల్నే తెచ్చి కవిత్వం చేశాడు, చదువుకున్న మరాఠీవాళ్ళకే ఆ మాటలు అర్థం కాలేదు. ఆయన నోరు ఆ గల్లీది. సినిమా గల్లీ నుంచి పేరు మాత్రం తీసుకుంది.

ఇక మనవాళ్ళ సంగతి. పేట పేరు చెడుతుందని కొందరు కోర్టుకెక్కారు. విడుదలకు ముందే బొంబాయి హైకోర్టు ఆ అర్జీలు కొట్టేసింది. సినిమాలోంచి కామాఠీపురా పేరు తీసెయ్యమని అడగడం నాకు నచ్చలేదు. పెళ్ళి సంబంధాలకు అడ్రసు చెప్పాలంటే ఎంత ఇబ్బందో నాకు తెలుసు. అయినా ఆ ఆడవాళ్ళను మాయం చేస్తే మనం కనబడతామా? వాళ్ళలో మన తెలుగు జిల్లాల నుంచి వచ్చినవాళ్ళు తక్కువా? మనం అడగాల్సింది పేరు తీసెయ్యమని కాదు, మమ్మల్నీ చేర్చమని.

అడగడానికి టైము ఎక్కువ లేదు. 2023 జనవరిలో మహారాష్ట్ర సర్కారు కామాఠీపురా పునర్నిర్మాణాన్ని మ్హాడాకు అప్పగించింది. సుమారు 34 ఎకరాలు. పదిహేను గల్లీల పాత బిల్డింగులు పడిపోతాయి, టవర్లు లేస్తాయి. కూలడానికి సిద్ధంగా ఉన్న ఇంట్లో, ఉమ్మడి దొడ్డి ముందు క్యూ కట్టేవాణ్ణి “వారసత్వం కోసం ఇక్కడే ఉండు” అనే హక్కు నాకు లేదు. గోడలు పోనీ. కానీ పనుల లెక్కలో ఇళ్ళు, దుకాణాలు, చదరపు అడుగులు ఉంటాయి, ఏ గల్లీలో ఏ భాష మాట్లాడారో ఉండదు. టవరు వచ్చాక ‘పదకొండో గల్లీ’ అనే మాటకు చోటు ఉండదు. ఆంధ్రోళ్ళు సందు అంటారు, మనకు మాత్రం తెలంగాణలోనూ బొంబాయిలోనూ అది గల్లీయే.

మీ ఇంట్లో పాత అద్దె రసీదు, రేషన్ కార్డు, బడి సర్టిఫికెట్టు ఏదైనా ఉంటే ముందు ఇంటిపేరు చూడండి. తాత పేరు పక్కన ‘వారు’ ఉందా, ‘వార్’ ఉందా, ఏ కాగితంలో మారింది? ఫొటో తీసి సంవత్సరం రాసి పెట్టుకోండి. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ముందు చెత్తలోకి పోయేవి ఆ కాగితాలే.