వెయ్యి చూపుల ధర

సాహిత్యం గురించి మాట్లాడే పత్రికలో యూట్యూబ్ వీడియోల బేరసారాల ప్రస్తావన దేనికని కొందరు మిత్రులు అడగవచ్చు. వారపత్రికల సీరియళ్ల మీద మనం ఎన్నో వ్యాసాలు రాసుకున్నాం. ప్రతివారం ఉత్కంఠ దగ్గర ఆగవలసిన అవసరం నవల శిల్పాన్ని ఎలా వంచిందో, పత్రిక అమ్మకం రచయిత వస్తువును ఎలా శాసించిందో చర్చించాం. ఇవాళ కథ చెప్పేవాడికీ, వంట చేసి చూపించే అవ్వకీ, పంట తెగుళ్ల గురించి మాట్లాడే రైతుకీ యూట్యూబ్‌లో దొరుకుతున్నంతమంది శ్రోతలు మన సాహిత్య పత్రికలకు ఏనాడూ లేరు. వాళ్ల నోట పలికే మాటలో కొంత భాగాన్ని కంపెనీలు కొంటున్నాయి. ఎంతకు కొంటున్నాయి, అసలు ఏం కొంటున్నాయి అన్నవి ఆ కళారూపానికి సంబంధించిన ప్రశ్నలు. అంచేత అవి విమర్శకుడి ప్రశ్నలు కూడా.

ముందు రూపాన్నే చూద్దాం. పది నిమిషాల వీడియో. మూడో నిమిషం దాకా తన యాసలో హాయిగా మాట్లాడుతూ వచ్చిన మనిషి హఠాత్తుగా గొంతు సవరించుకుంటాడు. ‘వస్తది’, ‘చేస్తరు’ మాయమై ‘అందిస్తోంది’, ‘పొందవచ్చు’ వచ్చేస్తాయి. ‘మీ ఆర్థిక లక్ష్యాలను చేరుకునే ప్రయాణంలో’ లాంటి వాక్యం ఒకటి పడుతుంది. ఆ మనిషి ఇంట్లో గానీ బజారులో గానీ అలాంటి వాక్యం అని ఉండడు. అది ఏజెన్సీలో ఎవరో ఇంగ్లీషులో రాసి, మరెవరో తెలుగులోకి దించిన వాక్యం. నిమిషమో నిమిషంన్నరో గడిచాక యాస తిరిగి వస్తుంది. ప్రకటన ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తెలుసుకోవడానికి నాకు వేరే గుర్తు అక్కరలేదు, ఆ భాష చాలు. ఏ యాసను ప్రేమించి జనం దగ్గరికి వచ్చారో, డబ్బిచ్చినవాడు మొదట తీసేయించేది ఆ యాసనే. ఇది వింతే.

ధర కట్టే లెక్క మటుకు సాదాది. ఛానెల్ చందాదారుల సంఖ్య పైకి గొప్పగా కనిపించే అంకె. కొనేవాడు దాన్ని అంతగా పట్టించుకోడు. ఈమధ్య పెట్టిన పదీ ఇరవై వీడియోలకు సగటున ఎన్ని చూపులు వచ్చాయో చూసి, వెయ్యి చూపులకి ఇంత అని కడతాడు. దీన్ని వాళ్ల పరిభాషలో సీపీఎం అంటారు. సగటు 50,000 చూపులు, వెయ్యికి 400 రూపాయలు అనుకుందాం. 20,000 రూపాయలవుతుంది. ఆ 400 ఎక్కడినుంచి వచ్చిందన్నదే అసలు సంగతి. వీడియో తీసినవాడి కష్టం నుంచి రాలేదు, చూసేవాడి జేబు నుంచి వచ్చింది. షేర్లు, అప్పులు, కంప్యూటర్ కోర్సుల గురించి చెప్పే ఛానెల్‌కి వెయ్యి చూపుల రేటు ఎక్కువ, ఒగ్గుకథ రికార్డు చేసి పెట్టేవాడికి తక్కువ. అదే విషయం ఇంగ్లీషులో చెబితే ఒక రేటు, తెలుగులో చెబితే సాధారణంగా అంతకు తక్కువ. చూసే తెలుగువాడు అమెరికాలో ఉంటే మళ్లీ పెరుగుతుంది. దుబ్బాకలో చూసిన కన్నూ, డాలస్‌లో చూసిన కన్నూ ఈ తక్కెడలో ఒకటి కావు. ఒక భాష మాట్లాడేవాళ్లు ఎంత కొనగలరన్న దాన్నిబట్టి ఆ భాషకే ధర కడుతున్నారన్నమాట.

ఇక బేరం. పశువుల సంతలో దళారులు తువ్వాలు కింద చేతులు కలిపి, వేళ్లు నొక్కి ధర చెప్పుకునే పద్ధతి మనలో చాలామంది చూసిందే. పక్కన నిలబడ్డవాడికి ఏ ఎద్దు ఎంతకు పోయిందో తెలియదు. ఈ బేరమూ అంతే. ఏజెన్సీ మనిషి అడిగే మొదటి ప్రశ్న ‘మీ రేటెంత?’ అని. అమ్మేవాడు ముందు అంకె చెబితే ఇక అంతకుమించి ఒక్క రూపాయి రాదు. ఆరితేరినవాళ్లు ‘మీ బడ్జెట్ ఎంత?’ అని ఎదురడుగుతారు. కంపెనీ దగ్గర వందల ఛానెళ్ల రేట్ల పట్టిక ఉంటుంది, ఛానెల్ మనిషి దగ్గర తన రేటు తప్ప ఇంకేమీ ఉండదు. దీన్ని ఇద్దరు సమానుల మధ్య ఒప్పందమనడం పుస్తకాలలో మాట.

వీడియోలు చేసేవాడు కూలీ కాడు, కెమెరా అతనిది, ఛానెల్ అతనిది, అతనొక చిన్న యజమాని అని ఒక వాదన ఉంది. మగ్గం నేతగాడిదే కదా! నూలు ఇచ్చేది షావుకారు, చీర తీసుకునేది షావుకారు, మజూరీ కట్టేది షావుకారు. మగ్గం సొంతమైనంత మాత్రాన నేతగాడు యజమాని అయ్యాడా? పైగా నేతగాడికి ఒక వెసులుబాటు ఉంది. పక్కింటి మగ్గం మీద చీరకు ఎంత ఇస్తున్నారో వీధి అరుగు మీద కూర్చుంటే తెలిసిపోతుంది. వీడియోల వీధికి అరుగులు లేవు.

డబ్బుకు బదులు వస్తువు పంపే పద్ధతి మరొకటి. ‘మిక్సీ పంపిస్తాం, దాంతో వంట చేసి చూపించండి, అది మీకే కానుక’ అంటారు. ప్రభుత్వం మాత్రం దాన్ని కానుక అనుకోలేదు. 2022 జూలై 1 నుంచి, ఏడాదిలో ఇలాంటి వస్తువుల విలువ 20,000 రూపాయలు దాటి, వాటిని తిరిగి ఇవ్వకుండా ఉంచుకుంటే 10 శాతం పన్ను కింద మినహాయించాలన్న నిబంధన వచ్చింది. పని చేయించుకున్నవాడు కూలి అనడానికి మొహమాటపడ్డా, పన్ను అధికారి మొహమాటపడలేదు!

రేటు కుదిరాక అగ్రిమెంటు వస్తుంది. ఇక్కడ కొంచెం ఆగి చూడాలి, ఎందుకంటే బేరమంతా చూపుల మీద జరిగినా అసలు సరుకు అగ్రిమెంటులోనే చేతులు మారుతుంది. ఆ వీడియో ముక్కను కంపెనీ తన సొంత ప్రకటనగా ఎన్నాళ్లయినా వాడుకోవచ్చు. పిల్లల కథలు చెప్పే ఒక అమ్మాయి నాకు తెలుసు. ఒక్క వీడియోకు ఒప్పుకుంది. ఏడాదయ్యాక కూడా ఎవరెవరి ఫోన్లలోనో ఆమె మొహం ఆ సరుకును అమ్ముతూనే ఉంది. దానికి వేరే పైకం అడగవచ్చని ఆమెకు ఎవరూ చెప్పలేదు. మూడు నెలలపాటు పోటీ కంపెనీ సరుకు ముట్టకూడదన్నది మరో షరతు. పైకం రెండు నెలల తర్వాత ఇస్తామన్నది ఇంకొకటి. వీటన్నిటికీ ధర కట్టవచ్చు, తెలిసినవాళ్లు కడుతున్నారు కూడా.

ధర కట్టలేనిది ఒకటుంది. జనానికి చూపించేముందు వీడియోను కంపెనీ చూసి ఆమోదించాలనీ, కంపెనీకి చెడ్డపేరు తెచ్చే మాట ఏదీ అనకూడదనీ రాసే షరతు. పురుగుమందుల కంపెనీ డబ్బిచ్చిన వ్యవసాయ ఛానెల్, పత్తి రైతు పురుగుమందుల దుకాణంలో పడిన అప్పు గురించి మాట్లాడుతుందా? కోచింగ్ సెంటర్ డబ్బిచ్చిన చదువుల ఛానెల్ హాస్టల్ గదుల్లో పిల్లల అవస్థ గురించి మాట్లాడుతుందా? వాళ్లు అబద్ధం చెబుతున్నారని నేననడం లేదు. చాలామంది చెప్పడం లేదు. చెప్పిన నిమిషంన్నరకు లెక్క ఉంది. మానేసిన మాటకు బిల్లులో వరసే లేదు. సెన్సారు కత్తెరను మనం గుర్తుపట్టగలం. ఈ కత్తెర చప్పుడు చెయ్యదు.

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి ఉదాహరణ తెచ్చి, పోషకుడు లేని కళ ఎప్పుడుందని వాదించేవారున్నారు. 1893లో ఆయన అమృతాంజనం మొదలుపెట్టారు. 1908లో ‘ఆంధ్రపత్రిక’, 1924లో ‘భారతి’ వచ్చాయి. తలనొప్పి మందు మీద వచ్చిన లాభం తెలుగు సాహిత్యానికి అన్నం పెట్టింది, కాదనేవాడెవడు? అయితే ప్రకటనకు ప్రకటన చోటు ఉండేది, వ్యాసానికి వ్యాసం చోటు ఉండేది. శాసనాల మీద వ్యాసం రాస్తున్న పండితుడు మధ్యలో కలం ఆపి, ఈ లిపి చదవలేక తల పగిలిపోతుంటే ఫలానా మందు రాసుకున్నాను అనలేదు.

దీనికంటే దగ్గరి పోలిక బుర్రకథ, హరికథ, పద్యనాటకాల చదివింపులు. ఆట మధ్యలో ఆపి, ఫలానావారు కళాకారుణ్ణి మెచ్చి నూటపదహార్లు చదివించారని గట్టిగా ప్రకటించేవారు. రసభంగమే, సందేహం లేదు. చాలా విసుగ్గా కూడా ఉండేది. కానీ ఎవరిచ్చారో, ఎంతిచ్చారో ఊరంతా విన్నది. తర్వాతి ఘట్టంలో కథకుడు ఆ పెద్దమనిషిని అతిగా పొగిడితే ఎందుకు పొగిడాడో ప్రేక్షకుడికి తెలుసు. ఇప్పటి వీడియోలో రసభంగం కనిపించకుండా, కథలోంచి సరుకులోకి జారడం ఒక శిల్పమైపోయింది. ఎంత నేర్పుగా జారితే అంత రేటు. పైకం ఎంతన్నది మటుకు తువ్వాలు కిందే ఉంది.

దాచడం ఎంత దూరం పోగలదో బెట్టింగ్ యాప్‌ల వ్యవహారంలో చూశాం. తెలంగాణ ఆన్‌లైన్ జూదాన్ని 2017లోనే చట్టసవరణ చేసి నిషేధించింది. ఆ తర్వాత కూడా ప్రచారం సాగింది. 2025 మార్చిలో హైదరాబాదు, సైబరాబాదు పోలీసులు పెట్టిన కేసుల్లో యూట్యూబర్లతోపాటు సినిమా నటుల పేర్లూ ఉన్నాయి. ఆ ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను ప్రకటించేవారికి రెండేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా పెట్టింది. ఈ కేసుల మీద తీర్పు చెప్పడం నా పని కాదు. నన్ను ఆలోచింపజేసింది సరుకు స్వభావం. ‘మా ఊరి పిల్లగాడు చెప్పిండు’ అన్న నమ్మకం అక్కడ అమ్ముడుపోయింది. ఆ నమ్మకం ఛానెల్ మనిషి ఒక్కడి ఆస్తి కాదు, చూసేవాళ్లు కూడా కలిసి కూడబెట్టింది. దాన్ని అమ్మే బేరంలో వాళ్లకు పీట లేదు.

2023 జనవరిలో కేంద్రం ఇచ్చిన సూచనల ప్రకారం, డబ్బు తీసుకుని చేసిన ప్రచారమని వీడియోలోనే, కనిపించేలాగా వినిపించేలాగా చెప్పాలి, కింది వివరాల్లో రాసి ఊరుకుంటే చాలదు. మనవాళ్లు చాలామంది మూలన ‘పెయిడ్ ప్రమోషన్’ అని ఇంగ్లీషు అక్షరాలు పెట్టి సరిపెడుతున్నారు. వంటల వీడియో చూసే అమ్మమ్మకు అది ఏ భాష?

రేట్లు బయటపెట్టుకోవడం, షరతులు కలిసి మాట్లాడుకోవడం జరగని పనేమీ కాదు. 2019లో జర్మనీలో ఐజీ మెటల్ అనే లోహ కార్మిక సంఘం యూట్యూబర్ల సంఘంతో చేతులు కలిపి ఫెయిర్‌ట్యూబ్ అనే ఉద్యమం నడిపింది. అది స్పాన్సర్ల మీద కాదు, యూట్యూబ్ నిబంధనల మీద. అయినా ఒంటరివాళ్లు ఒకచోట కూడారు. 2021లో అమెరికా నటుల సంఘం సాగ్-ఆఫ్ట్రా, ప్రాయోజిత వీడియోలు చేసేవారి కోసం ఒక ఒప్పందపత్రం తయారుచేసింది. మన దగ్గర ఒక జిల్లాలో పదిమంది కూర్చుని ఎవరికి ఎంత వచ్చింది, ఎన్ని రోజులకు వచ్చింది, ఏ షరతు కొట్టేయించగలిగారు అని ఒక కాగితం మీద రాసుకున్నా మొదలైనట్టే.

నేనెరిగిన ఇద్దరు ముగ్గురు వీడియో మిత్రులతో ఒక మాట అన్నాను. ఆ నిమిషంన్నర కూడా మీ యాసలోనే మాట్లాడండి, ‘ఈ ముచ్చట చెప్పినందుకు ఫలానా కంపెనీ నాకు ఇరవై వేలు ఇచ్చింది’ అని మొదలుపెట్టండి అని. యాస సంగతి అడిగి చూస్తామన్నారు. రెండో మాటకు నవ్వారు. ఇచ్చిన పైకం ఎవరికీ చెప్పకూడదని అగ్రిమెంటులో పదకొండో షరతు ఉందట.