సప్పుడు ఎప్పుడొస్తుంది?

ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు మీద కార్ల షెడ్డు ముందు కాసేపు నిలబడితే మనలో ఎంతమంది మిమిక్రీ కళాకారులున్నారో తెలుస్తుంది. ఒకాయన నాలుకతో టకటకలాడిస్తాడు. ఇంకొకాయన పళ్లు బిగించి కీచుమంటాడు. మెకానిక్ నవ్వకుండా అంతా వింటాడు. విని, "సప్పుడు ఎప్పుడొస్తుంది సార్? పొద్దుగాల స్టార్ట్ చేయంగనేనా, బండి వేడెక్కినంకనా?" అని అడుగుతాడు. అక్కడ చాలామంది నీళ్లు నములుతారు.

నన్నడిగితే మరమ్మతులో సగం పని ఆ ప్రశ్నతోనే అయిపోతుంది. ఏసీ వేయగానే కీచుమంటే ముందు చూడాల్సింది బెల్టు. దాని మీద కాసిని నీళ్లు చిలకరిస్తారు. చప్పుడు ఊరుకుంటే పుల్లీల వరస తప్పిందని, ఇంకా పెరిగితే బెల్టు వదులైందని అనుమానం. న్యూట్రల్లో గుర్రుమంటూ, క్లచ్ తొక్కగానే ఆగిపోతే అది ఇంజన్ గోలే కాదు, గేర్‌బాక్స్ బేరింగుది. తొక్కినప్పుడే మొదలైతే క్లచ్ బేరింగు.

టాపెట్ల సంగతి వేరు. బండి నిలబడి ఉన్నప్పుడు ఇంజన్ నిమిషానికి సుమారు 800 చుట్లు తిరుగుతుంది. వాల్వుల్ని తెరిచే క్యామ్‌షాఫ్ట్ అందులో సగం, 400 చుట్లే. ఒక వాల్వు దగ్గర సందు ఎక్కువైతే సెకనుకు ఆరేడు దెబ్బలు, కుట్టుమిషన్‌లాగా సన్నగా వినిపిస్తాయి. కనెక్టింగ్ రాడ్ బేరింగ్ అరిగితే మాత్రం దెబ్బ కింది నుంచి, బరువుగా వస్తుంది, యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ పెరుగుతుంది.

ఎక్కడిదో తేల్చడానికి మెకానిక్ పొడవాటి స్క్రూడ్రైవర్ తీస్తాడు. మొన టాపెట్ కవర్ మీద ఆనించి, పిడిని చెవి పక్క ఎముకకు ఒత్తి కళ్లు మూసుకుంటాడు. జానెడు పక్కకు జరుపుతాడు. మళ్లీ కిందికి, ఆయిల్ చాంబర్ వైపు. షెడ్డులో రేడియో మోగుతున్నా, రోడ్డు మీద లారీ హారన్ కొడుతున్నా ఇనుములోంచి వచ్చే చప్పుడు ఇనుములోంచే వినపడుతుంది.

ఇప్పటి పెట్రోలు ఇంజన్లలో చాలావాటికి కంపెనీయే ఒక చెవి పెట్టి పంపిస్తోంది. పేరు నాక్ సెన్సర్. ఔటర్ రింగ్ రోడ్డు ర్యాంపు మీద గేరు దించకుండా తొక్కితే పెట్రోలు వేళ కాని వేళ అంటుకుని చిటపటమంటుంది. సిలిండర్ బ్లాకుకు బిగించిన ఆ సెన్సర్ కంపనాన్ని పట్టేస్తే, కంప్యూటర్ స్పార్కును కొంచెం ఆలస్యం చేస్తుంది. పక్కనే ఆదిబట్లలో 2018లో మొదలైన టాటా బోయింగ్ ఫ్యాక్టరీ అపాచీ హెలికాప్టర్ల బాడీలు తయారుచేస్తోంది. హెలికాప్టర్ల గేర్‌బాక్సులకైతే కంపనాలు కనిపెట్టే సెన్సర్లు వరసగా ఉంటాయి. మన కారులోని నాక్ సెన్సర్ ఉద్యోగం ఒక్కటే, చిటపట వినడం. అరిగిన బేరింగు దాని డ్యూటీ కాదు.

అది మనమే వినాలి. అద్దాలెత్తి, పాటలు పెట్టి నడిపితే ఏం వింటాం? వారానికోసారైనా పాట ఆపి, అద్దం దించి, ప్రహరీ గోడ పక్కగా నెమ్మదిగా పోనివ్వండి. గోడ ఆ చప్పుళ్లన్నీ తిరిగి చెవిలో వేస్తుంది.

కింది నుంచి దడదడ, డాష్‌బోర్డు మీద ఎర్రటి ఆయిల్ దీపం రెండూ కలిసి కనిపిస్తే మాత్రం మెకానిక్ దాకా కూడా నడపొద్దు. ఆయిల్ ప్రెషర్ పోయిందంటే క్రాంక్‌షాఫ్ట్ పొడి ఇనుము మీద తిరుగుతున్నట్టే. షెడ్డు కనుచూపు మేరలో ఉన్నా సరే, అక్కడే ఇంజన్ ఆపి టోయింగ్ బండిని పిలవండి.