డాష్‌బోర్డు వెనక పనితనం

చెన్నై-కోల్‌కతా జాతీయ రహదారి 16 మీద, ఒంగోలుకు దక్షిణాన ఉంది సింగరాయకొండ. ఇలాంటి హైవే ఊళ్లలో కార్ల కరెంటు పని చేసేవాళ్ల చేతికి ఇప్పుడు కంప్యూటర్లూ వస్తున్నాయి. పాత రేడియో తీసి బిగించే ఆండ్రాయిడ్ తెర కంప్యూటరు కాక మరేమిటి?

ఒకప్పుడు ఇంత తేలిక కాదు. 2001లో వయా కంపెనీ 17 సెంటీమీటర్ల చదరపు మినీ-ఐటీఎక్స్ కంప్యూటరు బోర్డు తెచ్చాక, దేశదేశాల సరదారాయుళ్లు దాన్ని డిక్కీలోనో సీటు కిందో ఇరికించి నడిపారు.

అసలు చిక్కు కరెంటుది. 12 వోల్టుల బ్యాటరీ సెల్ఫ్ కొట్టిన క్షణాన 8కి, ఒక్కోసారి ఇంకా కిందికి జారుతుంది. ఇంజన్ అందుకున్నాక 14 దాటుతుంది. మామూలు కంప్యూటరు ఆ ఊగిసలాటను భరించదు. అందుకే వోల్టేజీని నిలబెట్టే ప్రత్యేక సప్లై పెట్టేవారు. తాళం తీశాక కూడా అది సిస్టం సక్రమంగా మూతపడేదాకా ఆగి, అప్పుడే కరెంటు తెంచుతుంది.

నేటి తెరల్లో నేర్పంతా తీగల దగ్గరే. చాలా సెట్లలో పసుపు తీగ నేరుగా బ్యాటరీకి, ఎరుపు తాళానికి, నలుపు ఎర్తుకు. పసుపూ ఎరుపూ కలిపేసినా తెర చక్కగా వెలుగుతుంది. కారు కొన్నాళ్లు కదలకపోతే మాత్రం బ్యాటరీ దిగిపోతుంది. పని తెలిసినవాడు రంగుల్ని నమ్మడు, మీటరు పెట్టి చూస్తాడు. క్లిప్పు ఒక్కటీ విరక్కుండా డాష్‌బోర్డు ఊడదీస్తాడు. (స్క్రూడ్రైవరుతో పెకలించిన కారును చూసినవాళ్లకే దీని విలువ తెలుస్తుంది.)

ప్రకాశం జిల్లా మే ఎండలో అద్దాలు మూసిన కారు డాష్‌బోర్డు 60 డిగ్రీలు దాటడం వింతేమీ కాదు. కాబట్టి పని తెలిసినవాడు తెర వెనక గాలి ఆడే ఖాళీ వదిలి, తీగల కట్టను పక్కకు బిగించి కడతాడు.