అడ్డుతగిలే ప్రేక్షకులు

వాడల్లో, తండాల్లో జనంతో కలిసి నాటకాలు వేసే, గోడల మీద బొమ్మలు గీసే కుర్రాళ్లకు నాలుగు నియమాలు రాసిపెట్టమని ఒక మిత్రుడు అడిగాడు. అలాంటి కాగితాలు చాలా చూశాను. జనం మాట వినండి, స్థానిక సంస్కృతిని గౌరవించండి, అందరినీ కలుపుకుపొండి. కాదనడానికి అందులో ఏమీ ఉండదు. పాటించామో లేదో తేల్చుకోవడానికీ ఏమీ ఉండదు. నా మట్టుకు నేను కొత్త పని ఎత్తుకున్నప్పుడల్లా ఒక్కటే అడుగుతాను. ఈ కథ తప్పని చెప్పి మనల్ని మధ్యలో ఆపగలిగేవాళ్లు ఎవరు? ప్రదర్శన రోజున వాళ్లు ఎక్కడ కూచుంటారు?

ఈ ప్రశ్న నాది కాదు. తెలంగాణ పటం కథల దగ్గర నేర్చుకున్నది.

చేర్యాల బొమ్మలు అనగానే ఇప్పుడు చాలామందికి ఎర్రటి రంగు మీద బతుకమ్మ ఎత్తుకున్న ఆడవాళ్లు, డ్రాయింగు రూము గోడకు తగిలించే మొగుడూ పెళ్లాల ముఖాలు గుర్తొస్తాయి. ఇవన్నీ పటాలకు గిరాకీ తగ్గాక వచ్చినవి. సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీ కుటుంబాలు తరతరాలుగా గీసింది కథ చెప్పేవాళ్ల కోసం. ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల గుజ్జు, జిగురు కలిపి పూత మీద పూత వేసి ఆరబెడతారు. 3 అడుగుల వెడల్పు, 40 నుంచి 60 అడుగుల పొడవు. మొదట వినాయకుడు, తర్వాత వరసగా కథ. రాత్రిపూట పటాన్ని కర్రకు కట్టి కొంచెం కొంచెంగా విప్పుతూ, పుల్లతో బొమ్మ చూపిస్తూ, తాళం వేసేవాళ్లు వంత పాడుతుంటే కథ నడుస్తుంది. రోజుల తరబడి నడుస్తుంది.

ఎవరి ముందు నడుస్తుందన్నదే అసలు సంగతి. కూనపులివాళ్లు పద్మశాలీలకు చెబుతారు. కాకిపడగలవాళ్లు ముదిరాజులకు, డక్కలివాళ్లు మాదిగలకు. ఏ కులం పుట్టుక కథ ఆ కులం ముందే. ఊళ్ల మీద ‘మిరాశీ’ ఉంటుంది. అన్నదమ్ములు చేను పంచుకున్నట్టు ఊళ్లు పంచుకుంటారు. ఒకరి ఊళ్లోకి ఇంకొకరు పటం ఎత్తుకుని పోవడానికి లేదు. ధాన్యమైనా డబ్బైనా ఇచ్చేది ఆ కథ ఎవరిదో వాళ్లే.

పద్మశాలీల కథే చూడండి. మార్కండేయుడు హోమం చేస్తాడు, అందులోంచి భావనారుషి పుడతాడు, తామరతూళ్ల నుంచి నూలు తీసి దేవతలకు బట్టలు నేస్తాడు. సూర్యుడి కూతురు భద్రావతిని పెళ్లాడతాడు. పులి మీద తిరుగుతాడు. ముందు వరసలో కూచున్న ముసలాయన ఈ కథను చిన్నప్పుడు ఇదే కూనపులాయన తండ్రి నోట విన్నవాడు. పులి ఘట్టం తొందరగా దాటేస్తే ఊరుకుంటాడా? పైగా విన్నవాడు నేతగాడు. మగ్గం బొమ్మ తేడాగా ఉంటే రాజుగారి కిరీటం ఎంత బాగా గీసినా లాభం లేదు. కథకుడికి పాండిత్యం ఉండొచ్చు, గొంతు ఉండొచ్చు. కథ మాత్రం ఎదురుగా కూచున్నవాళ్లది, రేపటి గింజలూ వాళ్లవే. ఇంతకంటే గట్టి నియమావళి నాకు ఎక్కడా కనబడలేదు.

అలాగని ఆ పాత ఏర్పాటును నెత్తిన పెట్టుకోను. డక్కలివాళ్లు జాంబపురాణం విప్పి, లోకం పుట్టకముందే పుట్టిన జాంబవముని మీ మూలపురుషుడని మాదిగలకు చెబుతారు. వాళ్ల గోత్రాలు, ఇంటిపేర్లు పొల్లుపోకుండా వల్లిస్తారు. అంత పెద్దరికం కట్టబెట్టిన ఆ నోటిని మాదిగవాడ లోపలికి రానిచ్చేది కాదు, వాడ బయటే డేరా. ఊరు మాదిగను పెట్టినచోట మాదిగ డక్కలిని పెట్టాడు. కథను మధ్యలో ఆపే హక్కు కూడా కులపెద్దలదే, వాళ్లందరూ మగవాళ్లే. వెనక కూచున్న కోడలు ఏమనుకుందో ఏ పటం మీదా లేదు. ప్రేక్షకుడి చేతిలో అధికారం ఉండటం ఎంత అవసరమో, ఆ అధికారం ప్రేక్షకుల్లో ఎవరి చేతిలో ఉందో చూడటమూ అంతే అవసరం.

ఇప్పుడు డబ్బులిచ్చేవాళ్లు మారారు. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్య డక్కలి బిడ్డే. ఆయనకు 2022లో పద్మశ్రీ వచ్చింది. రావలసిందే, ఇంకా ముందే రావలసింది. కానీ ఆయన పాడే పండుగ సాయన్న పాటలో ఒక మాట తప్పు పోతే పాలమూరులో ఎవరో ఒకరు ‘అది గట్ల కాదే’ అంటారు. ఢిల్లీ అనలేదు, చప్పట్లు కొడుతుంది. చేర్యాల బొమ్మ కొనుక్కుపోయే నగరవాసీ అంతే. ఆ బొమ్మలో మగ్గం సరిగ్గా ఉందో లేదో అతనికి పట్టదు, సోఫా రంగుకు నప్పితే చాలు.

అడ్డుతగలడం కథలోనే భాగమైన బుర్రకథను తీసుకోండి. 1943లో పుట్టిన ప్రజానాట్యమండలి పాత జంగం కథను తీసుకుని రాజకీయ ప్రచారానికి వాడుకుంది. నాజర్ లాంటి మహానుభావుడి చేతిలో అది తుఫానైంది. ఆ ప్రక్రియలో నాకు ముచ్చటేసే ఏర్పాటు ఒకటుంది. కథకుడికి రెండు పక్కలా వంతలు. ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం. ‘ఆగన్నా, నాకో అనుమానం’ అని వాళ్లు కథను నిలేస్తారు, ఎకసెక్కాలాడతారు, నేటి ధరవరలు ఎత్తుతారు. ప్రేక్షకుడు లేచి అడగాల్సింది వేదిక మీదే అడిగేస్తున్నారన్నమాట. అయితే ఆ అనుమానాలన్నీ ముందే రాసుకున్నవి. జవాబులూ ముందే రాసుకున్నవే. పార్టీ లైను దాటే ప్రశ్న ఏ వంతా అడగగా నేను వినలేదు. ఈ మాట అంటే నా పాత స్నేహితులకు కోపం వస్తుంది, రానీయండి.

2014 తర్వాత ప్రభుత్వం తెలంగాణ సాంస్కృతిక సారథి పెట్టి కొన్ని వందల మంది కళాకారులకు నెల జీతాలిచ్చింది. తెలంగాణ ఉద్యమంలో గజ్జె కట్టినవాళ్లకు ఒకటో తారీఖున డబ్బు చేతికి రావడం చిన్న విషయం కాదు, దాన్ని వెక్కిరించే హక్కు జీతాలున్న మనకు లేదు. అయితే ప్రభుత్వ పథకం గురించి పాడుతుంటే ‘నాకు రాలేదు బిడ్డా’ అని ఒక ముసలమ్మ అరిచిందనుకోండి. దరువు ఆపాలా, పెంచాలా? జీతం ఇచ్చేవాళ్లెవరన్నదాన్ని బట్టే చెయ్యి కదులుతుంది. స్వచ్ఛంద సంస్థల డబ్బుతో పనిచేసే మాలాంటివాళ్ల పరిస్థితీ ఇందుకు భిన్నం కాదు, ముద్ర వేరు.

అందుకని మా బృందం ఒక పద్ధతి పెట్టుకుంది. ఎవరి బతుకు మీద నాటకమో వాళ్ల వాడలోనే, వాళ్ల ముందే మొదటి ప్రదర్శన. బయటివాళ్లు ఉండరు. ఎవరైనా ఎక్కడైనా ఆపొచ్చు. బ్రెజిల్ నాటకకారుడు అగస్టో బోల్ ఇదే పని చాలా శాస్త్రీయంగా చేశాడు, ‘ఆపండి’ అన్న ప్రేక్షకుణ్ణి వేదిక ఎక్కించి నటించమన్నాడు. మా దగ్గర అంత శాస్త్రం లేదు. అరుగు మీద కూచుని తిడితే చాలు.

బీడీలు చేసే ఆడవాళ్ల మీద ఒక నాటకం చేశాం. వాళ్లు చెప్పిన సంగతులతోనే. లెక్కలో బీడీలు కొట్టేసే టేకేదారు, తక్కువ తూచే తంబాకు, పాడైన ఆకు ఇచ్చి నిండు లెక్క అడగడం. తెర లేచిన రెండో నిమిషానికే ఆపారు. మా అమ్మాయి ఆకు చుట్టడం మొదలుపెట్టింది కదా, చాట ఒళ్లో ఉన్న నలుగురూ పగలబడి నవ్వారు. ఒకామె వచ్చి పక్కన కూచుని, ఆకు ఎటు తిప్పాలో, మూతి ఏ గోటితో మడవాలో చూపించింది. అది సులువుగా తీరిపోయింది. తర్వాత టేకేదారు వచ్చాడు. చెవి మీద పెన్ను పెట్టుకుని, మాటిమాటికీ అది తీసి లెక్క రాసుకుంటూ. జనం బాగా నవ్వారు. మా కుర్రాడికి ఊపొచ్చింది. వెనక నుంచి ఒకావిడ లేచింది.

“ఆ పెన్ను తీసెయ్యి బిడ్డా.”

“ఎందుకమ్మా, మస్తు నవ్వుతున్నరు గదా?”

“నవ్వుతరు. చెవు మీద పెన్ను పెట్టుకునేటోడు ఈ చుట్టుపక్కల ఒక్కడే ఉన్నడు. రేపు మాకు ఆకు ఇయ్యడు. నువ్విస్తవా?”

పెన్ను తీసేశాం. ఆ సీనులో సగం నవ్వు పోయింది, కుర్రాడు రెండు రోజులు మొహం ముడుచుకుని తిరిగాడు. కళాకారుడిగా వాడి బాధ నాకు తెలుసు. నిజానికి దగ్గరగా ఉన్న వివరమే బొమ్మకు ప్రాణం పోస్తుంది. ఆ వివరమే ఒకరి అన్నం గిన్నె తన్నగలదు. రెంటిలో ఏది ఉంచాలో తేల్చేది ఆ ఆకు మీద బతికేవాళ్లే. దర్శకుడిగా నేను వాదించొచ్చు, వాదిస్తాను కూడా. ఆఖరి మాట వాళ్లది.

ఇంకో చిక్కుంది, దానికి నా దగ్గర తేలిక జవాబు లేదు. పాత పటం చిరిగి పనికిరాకుండా పోతే కథకులు దానికి పూజ చేసి నదిలో వదిలేవారు. కొత్తది రాయించుకునేవారు. అలా వదలకుండా ఎవరో కొనబట్టే కొన్ని పటాలు మ్యూజియాల్లో మిగిలాయి. హైదరాబాదులో జగదీశ్, కమలా మిట్టల్ సేకరణలో పాతవి ఉన్నాయి, లండన్ బ్రిటిష్ మ్యూజియంలోనూ ఉన్నాయి. వాటిని చూసి ఆనందించినవాణ్ణే, నీళ్లలో కలవనందుకు సంతోషించినవాణ్ణే. అయినా చచ్చిన పటాన్ని నీళ్లలో కలపడం ఆ కళలో భాగం. ఇప్పుడు ఫోనుల్లో వీడియోలు తీసుకుపోయే మనం కనీసం ఆ మాట ముందు మాట్లాడుకోవాలి. దీన్ని ఎవరు చూడొచ్చు, ఎన్నాళ్లు ఉంచొచ్చు, తుడిచెయ్యమంటే తుడిచేస్తామా, కాపీ వాళ్ల చేతికి ఇస్తామా. వేలిముద్ర వేయించుకున్న అనుమతి పత్రం మనల్ని కాపాడుతుంది తప్ప వాళ్లను కాదు.

మిత్రుడికి ఇదే రాసి పంపాను. వాడలో మొదటి ప్రదర్శనకు అయ్యే ఖర్చు బడ్జెట్‌లో వేరే పద్దు కింద చూపించమని, డబ్బిచ్చినవాళ్లను ఆ రోజు పిలవొద్దని కూడా రాశాను. తిరుగు టపాలో ఒకే అభ్యంతరం వచ్చింది. ఆ రోజు ఫోటోలు లేకపోతే రిపోర్టులో ఏం పెట్టాలని. రెండో ప్రదర్శన ఫోటోలు పెట్టుకోమన్నాను.