తెరమీది ఫుట్‌బాల్: వాస్తవికతకు గీటురాయి ఏది?

ఒక శీతకాలమున అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రములో మా అక్కగారి ఇంట కొన్ని దినములు గడిపినాను. ఒకనాడు టెలివిజన్‌లో వారి దేశపు ఫుట్‌బాల్ పోటీ జరుగుచుండగా, బంతిని తన్నుటకు వచ్చిన ఆటగాడు గురి తప్పినాడు. ప్రక్కన కూర్చున్న మేనల్లుడు పకపక నవ్వి, “మామయ్యా, ఇంత సులువైన కిక్కు ఎట్లా పోగొట్టాడు? నా వీడియో ఆటలో నేనైతే వందకు వందా వేస్తాను!” అన్నాడు. పిల్లవాడు అబద్ధమాడలేదు. కాని ఆ మాటలో భౌతికశాస్త్ర బోధకులు ఉపేక్షింపరాని పొరపాటు ఒకటి దాగియున్నది. దానిని విచారించుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఆట చాలవరకు చేతులతోనే సాగును. బంతిని కాలితో తన్ను ఘట్టములు కొన్ని మాత్రమే. ఆట నారంభించు కిక్ ఆఫ్, బంతిని ప్రత్యర్థికి దూరముగా అప్పగించు పంట్, రెండు స్తంభముల నడుమనుండి బంతిని పంపు ఫీల్డ్ గోల్ అట్టివి. వీటికై దిగు దళములను స్పెషల్ టీములు అందురు. వీటిని వీడియో ఆటలు ఎంతవరకు నిజముగా చూపుచున్నవి?

ఈ ఆటలలో ప్రసిద్ధమైనది మాడెన్ ఎన్.ఎఫ్.ఎల్. శ్రేణి. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థ దీనిలో మొదటి ఆటను 1988లో ఆపిల్ 2 కంప్యూటరు కొరకు వెలువరించినది. ఆనాటి యంత్రముల శక్తి స్వల్పము గనుక జట్టుకు ఆరేడుగురితో సరిపెట్టవలెనని తలపగా, పదునొకండుగురు లేనిది ఫుట్‌బాలే కాదని శిక్షకుడు జాన్ మాడెన్ పట్టుపట్టినాడు. ఈ శ్రేణికి పునాది ఆ పట్టుదలయే. అందుచేత దీనిని వాస్తవికత అను గీటురాయిపై గీసి చూచుట అన్యాయము కాదు. పైగా 2004 డిసెంబరులో కుదిరిన ఒప్పందము వలన, అసలు జట్ల పేర్లతో ఇట్టి ఆటను చేయు హక్కు ఈ ఒక్క సంస్థకే దక్కినది. పోటీ లేనిచోట విమర్శ మరింత అవసరము.

మొదట మెచ్చుకొనదగిన దానిని మెచ్చుకొందము. నియమములను అనుసరించుటలో ఈ ఆట వెనుకబడలేదు. కిక్ ఆఫ్ సమయమున ఇరు దళములు దూరమునుండి పరుగెత్తి వచ్చి ఢీకొనుట వలన దెబ్బలు ఎక్కువగుచున్నవని 2024లో లీగువారు నియమమును మార్చినారు. ఇప్పుడు తన్నువాడు, బంతిని అందుకొనువారు తప్ప తక్కినవారందరు దగ్గరగా ఎదురెదురుగా నిలిచి, బంతి నేలను గాని మనిషిని గాని తాకువరకు కదలక ఉండవలెను. వేగము సగమైనచో గతిజ శక్తి నాలుగవ వంతగునని మన పదవ తరగతి విద్యార్థికి తెలియును. ఆ మార్పులోని శాస్త్రము అదియే. అదే సంవత్సరము వెలువడిన ఆటలో ఈ క్రొత్త కిక్ ఆఫ్ చేరినది.

అయితే నియమము అక్షరములలో వ్రాసియుండును. దానిని యంత్రమునకు చెప్పుట సులభము. వ్రాతలో లేనిది రాశుల నడుమనున్న సంబంధము. పంట్‌ను చూడుడు. బంతిని తన్నినచోటు నుండి 50 మీటర్ల దూరమున పడవేయవలెననుకొందము. ప్రక్షేపకమునకు 45 డిగ్రీల కోణమున గరిష్ఠ వ్యాప్తి లభించునని పాఠ్యపుస్తకము చెప్పును. వాయు నిరోధమును ప్రస్తుతము విడిచినచో, ఆ కోణమున పోయిన బంతి 3.2 సెకండ్లలో నేలకు వచ్చును. కాని నేర్పరియైన ఆటగాడు ఆ కోణమును కోరడు. సుమారు 63 డిగ్రీల కోణమున ఇంకను బలముగా తన్ని, అదే 50 మీటర్లకు 4.5 సెకండ్లు పట్టునట్లు చేయును. అప్పుడు బంతి దాదాపు 25 మీటర్ల ఎత్తునకు పోవును.

ఎందులకీ అదనపు శ్రమ? తన్నువాడు తన దళపు వరుసకు సుమారు 12 మీటర్లు వెనుక ఉండును. అందుచేత బంతి పడుచోటు ఆ వరుసకు 38 మీటర్లు ముందుండును. వేగముగల క్రీడాకారుడు 40 గజములు, అనగా 36½ మీటర్లు, పరుగెత్తుటకు 4.5 సెకండ్లు పట్టును. ఎవరును అడ్డుపడనిచో అతడు బంతి దిగునప్పటికి దానిని పట్టువాని ఎదుట ఉండును. అదే బంతి 3.2 సెకండ్లలో దిగినచో ఇంకను పదునాలుగు మీటర్ల ఖాళీ మిగులును. పట్టినవాడు ఆ ఖాళీలో విజృంభించును. బంతి గాలిలో నిలుచు కాలము, మనిషి పరుగెత్తు కాలము అను రెండింటి పందెమే పంట్. తెరమీద గడ్డిపరకలు, చెమటబిందువులు ఎంత అందముగా కనబడినను, ఈ రెండు కాలములు సరిపోలనిచో ఆ చిత్రము అబద్ధమగును. ఇట్టి ఆట ఉన్న విద్యార్థి చేతిగడియారముతో ఈ రెండింటిని కొలిచి చూడవచ్చును. అంతకంటె మంచి గృహకృత్యము నాకు తోచుటలేదు.

ఇక ఫీల్డ్ గోల్. స్తంభముల మధ్య దూరము 18 అడుగుల 6 అంగుళములు, అనగా 5.64 మీటర్లు. గురి ఎటువైపునకు ఎంత తప్పవచ్చునో త్రికోణమితితో తెలియును. 33 గజముల దూరమునుండి ఇరువైపులా 5 డిగ్రీలకు పైగా అవకాశమున్నది. 68 గజములనుండి అది 2.6 డిగ్రీలకు తగ్గును. ఈ 68 గజములు కల్పితము కాదు. 2025 నవంబరులో కామ్ లిటిల్ అను ఆటగాడు సాధించిన రికార్డు. దానికి ముందు 2021లో జస్టిన్ టక్కర్ 66 గజములు తన్నినాడు. ఈ రెండును పైకప్పుగల మైదానములలో జరిగినవి. అచట గాలి వీవదు. 2013లో మాట్ ప్రేటర్ 64 గజములు తన్నినది సముద్రమట్టమునకు 1600 మీటర్ల ఎత్తుననున్న డెన్వర్‌లో. అచట గాలి సాంద్రత సుమారు ఏడవ వంతు తక్కువ. నిరోధము తగ్గినచో దూరము పెరుగును. ప్రకృతి ప్రతి కిక్కులోను పాలు పంచుకొనునని వీటివలన స్పష్టము.

వీడియో ఆటలో ఫలితమును నిర్ణయించునవి ముఖ్యముగా మూడు: ఆటగాని పేర ఇచ్చిన బలము, గురి అను రెండంకెలు, గాలి వాటము, తెరపై కదలు గుర్తును సరియైన చోట ఆపు మన వ్రేలి చురుకుదనము. బంతిని వెనుకకు విసరువాని పని, దానిని నేలపై నిలిపి పట్టువాని పని యంత్రమే చేసిపెట్టును. నిజమునకు ఈ ముగ్గురి పని కలిసి సుమారు 1.3 సెకండ్లలో ముగియవలెను; ఏ ఒక్కరి చేయి కొంచెము తడబడినను కోణము మారును. తెరమీద ఆ తడబాటు లేదు. వ్రేలు అలవాటుపడినచో కిక్కు తప్పదు. తప్పినచో అది వ్రేలి తప్పే.

ఇచటనే మా మేనల్లుని పొరపాటునకు మూలమున్నది. టచ్ డౌన్ తరువాత ఒక అదనపు పాయింటుకై తన్ను కిక్కును 2015లో 20 గజములనుండి 33 గజములకు జరిపినారు. 2014లో నూటికి 99కి పైగా సఫలమైన కిక్కు, 2015లో నూటికి సుమారు 94కు దిగినది. మనుష్యులు వారే, బంతి అదే. ఒక్క ఏటిలో వారి నేర్పు నశింపలేదు. ప్రతి కిక్కులోను ఉండు స్వల్ప వ్యత్యాసము, దూరము పెరిగినకొలది స్తంభముల వెలుపలికి పోయినది. నూటికి 94 పాళ్లు వేయువాడు వరుసగా పదింటిని వేయు సంభావ్యత 0.54 మాత్రమే. అనగా, అతడు పదింట ఒకటియైన పోగొట్టుకొనుట దాదాపు సగము పర్యాయములు జరుగవలసినదే. అట్టివానిని చూచి నవ్వుట సంభావ్యతను చూచి నవ్వుటయే.

ఆట వినోదమునకు గదా, సరిగా నొక్కినను తప్పినచో కొన్నవాడు కోపగించడా యని నిర్మాతలు అడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. కాని ఇటీవలి ఆటలలో ఆర్కేడ్, సిమ్యులేషన్, కాంపిటీటివ్ అను మూడు పద్ధతులు ఉన్నవి. వినోదము కోరువారికి మొదటిది చాలును. వాస్తవానుకరణ అని పేరు పెట్టిన రెండవ పద్ధతిలోనైనను, వ్రేలు తప్పకున్నను ఒక్కొక్కప్పుడు బంతి తప్పునట్లు చేయుట ఆ పేరునకు తగిన పని.

ఇది ఆటకు మాత్రమే సంబంధించిన సంగతి కాదు. మన ప్రయోగశాలలలో లోలకపు డోలనకాలమును పది పర్యాయములు కొలువమన్నచో, పదింటను ఒకే అంకె వ్రాసికొని వచ్చు విద్యార్థులను నేను ప్రతి సంవత్సరము చూచుచున్నాను. వ్యత్యాసము వచ్చినచో తప్పు చేసితిమని వారి భయము. తప్పు వేరు, కొలతలో సహజముగా ఉండు దోషము వేరు అని మనము తగినంతగా చెప్పలేదు. ప్రతి విఫలతకును ఒక అపరాధిని చూపు వీడియో ఆట ఆ భయమునే బలపరచును.

తిరుగు ప్రయాణమునకు ముందు మేనల్లునిచేత కాగితపు ఉండను ఇరువది అడుగులనుండి బుట్టలోనికి నూరు పర్యాయములు వేయించినాను. అరువదిమూడు పడినవి. “తక్కినవి ఎందుకు పడలేదు?” అని అడిగినాను. చాలసేపు ఆలోచించి, “అన్నీ ఒకేలాగే వేశాను మామయ్యా” అన్నాడు. ఆ సమాధానముతో నాకు తృప్తి కలిగినది.