చిత్రాంగి ఒక్కతేనా దోషి?

బొల్లాపల్లిలో కొందరు డిగ్రీ విద్యార్థులతో కూర్చుని ధర్మవరం రామకృష్ణమాచార్యుల 'విషాద సారంగధర' గురించి మాట్లాడుతున్నాను. అలవాటు ప్రకారం పాత్రలను వరసగా అప్పజెప్పాను: సారంగధరుడు ధీరుడు, చిత్రాంగి దుష్టురాలు, రాజరాజనరేంద్రుడు మోసపోయిన తండ్రి. వెనక కూర్చున్న ఒక అమ్మాయి లేచి, "కాళ్ళూ చేతులూ నరకమన్నది ఎవరు సార్?" అంది. రాజేనన్నాను. "మరి మోసపోయినవాడని ఆయన మీద జాలిపడాలా?" అని అడిగింది. నాకు వెంటనే సమాధానం తోచలేదు. ఎన్నో ఏళ్ళుగా నేను చెబుతున్న పాఠంలో రాజు మీద ఒక్క ప్రశ్న కూడా లేదని అప్పుడు గాని తెలియలేదు.

కథ అందరూ ఎరిగిందే. పావురం కోసం సవతితల్లి మేడకు వెళ్ళాడు సారంగధరుడు. ఆమె కోరికను నిరాకరించాడు. ఆమె నింద మోపింది. తండ్రి శిక్ష వేశాడు. క్రీ.పూ. 428లో యూరిపిడీస్ ప్రదర్శించిన 'హిప్పొలిటస్' కథావస్తువు కూడా దాదాపు ఇదే. కాని ఒక ముఖ్యమైన తేడాను గమనించాలి. అక్కడ తండ్రి శపిస్తాడు, సముద్రదేవుడు ఎద్దును పంపుతాడు. ఇక్కడ దేవుడు లేడు. రాజాజ్ఞ ఉంది, దాన్ని అమలు జరిపే తలారులున్నారు. ఫిర్యాదు చేసింది భార్య, తీర్పు చెప్పింది భర్త, నిందితుడు కొడుకు. విచారణ అనేదే లేదు. ఈ ఇతివృత్తానికి ఇరుసు చిత్రాంగి మోహం కాదు, అడ్డూ ఆపూ లేని ఈ అధికారం.

చేమకూర వేంకటకవి 'సారంగధర చరిత్ర'లో సిద్ధుడి మహిమవల్ల తెగిన అవయవాలు మళ్ళీ వస్తాయి. వినడానికి హాయిగానే ఉంటుంది. కాని చేతులు తిరిగి మొలిచాక, నరికించినవాణ్ణి అడిగేదెవరు? మహిమ బాధితుణ్ణి బతికించడంతో ఆగదు, సింహాసనాన్ని కూడా కడిగేస్తుంది. సంస్కృత నాటక సంప్రదాయం విషాదాంతాన్ని అంగీకరించదని తెలిసి కూడా, ఆచార్యులవారు పేరులోనే విషాదాన్ని చాటి, అంతాన్ని విషాదంగానే ఉంచారు. బళ్ళారి సరసవినోదినీ సభ నాటకాలు 1891లో మద్రాసులో చూసి పమ్మల్ సంబంధ మొదలియార్ తమిళ నాటకరచనకు పూనుకున్నాడు. ఆ ఘనతనంతా చెప్పుకుంటాం గాని, ఆ ముగింపు ఎవరిని దోషిగా నిలబెడుతున్నదో మన విమర్శ తగినంతగా పట్టించుకోలేదని నా అభిప్రాయం.

ఇక చిత్రాంగి. రంగస్థలం మీదా తెర మీదా ప్రచారమైన కథలో ఆమె మొదట కొడుకు కోసం చూసిన సంబంధం. పటం చూసి మనసుపడ్డది కుమారుడి మీద, మెడలో తాళి పడ్డది తండ్రి పేర. ముసలివాళ్ళు బాలికలను పెళ్ళాడే సమాజం మీదనే గురజాడ 'కన్యాశుల్కం' రాశాడు. 1892లో అది ప్రదర్శితమైంది. అంతకు తొమ్మిదేళ్ళ ముందు, 1883లో, ఇంగ్లీషులో 'సారంగధర' కావ్యం రాసిందీ ఆయనే! చిత్రాంగి ఆడిన అబద్ధం నేరమే, దాన్ని నేను వెనకేసుకు రావడంలేదు. అయితే ఆ అబద్ధానికి అంత పదును ఎక్కడినుంచి వచ్చింది? రాజు చేతిలోని కత్తినుంచే. స్థానం నరసింహారావు ధరించి పేరుపొందిన పాత్రల్లో చిత్రాంగి ఒకటి. మహానటుణ్ణి ఆకర్షించిన పాత్ర ఒట్టి 'దుష్టురాలు' అయివుండదు.

పల్నాటివాళ్ళకు ఈ తంతు కొత్తది కాదు. మాకు పొరుగునే ఉన్న కారెంపూడిలో వీరుల ఆరాధన ఏటా జరుగుతుంది. యుద్ధానికి కారకులెవరంటే చిన్నపిల్లలు కూడా నాయకురాలు నాగమ్మ పేరే చెబుతారు. గురజాల గద్దె మీద కూర్చున్నది నలగామరాజు. ఆ పేరు చాలామందికి రెండోసారి అడిగితేగాని గుర్తురాదు. నాగమ్మ పన్నాగాలు నిజమే కావచ్చు. ఆ పన్నాగాలకు సైన్యాన్నిచ్చిన గద్దె మాత్రం కథలోంచి మెల్లగా జారుకుంది.

పాత్రల గురించి నేను ఇచ్చే నోట్సును ఇప్పుడు మార్చుకున్నాను. రాజరాజు పేరు పట్టికలో మొదటికి వచ్చింది. విద్యార్థులు కొన్ని రంగాలు చదివి వినిపిస్తామన్నారు. ప్రశ్న అడిగిన అమ్మాయికి చిత్రాంగి మాటలు ఇద్దామనుకున్నారు. ఆమె ఒప్పుకోలేదు, రాజు మాటలు తనే చదువుతానంది.